ఆపరేషన్‌కు ముందు ఉపవాసం: శివరాత్రి రూల్స్ ఇక్కడ చెల్లవు!

మన తనకల్లు నుంచి ఆపరేషన్ అంటే కదిరికో, మదనపల్లెకో, అనంతపురానికో పోతాం. పెద్దదైతే పుట్టపర్తి, లేదంటే బెంగళూరు. ఎక్కడికి పోయినా "ఏమీ తినకుండా రండి" అంటారు. మన ఇళ్లల్లో దీన్ని శివరాత్రి ఉపవాసం లెక్కన అర్థం చేసుకుంటారు. అన్నం మానేసి, పాలు, అరటిపండు తీసుకుంటే ఏమీ కాదులే అనుకుంటారు. జేజి జాలిపడి గ్లాసు పాలు ఇస్తుంది. ప్రేమతోనే ఇస్తుంది. కానీ డేంజర్ అక్కడే ఉంది.

ఎందుకంటే, మామూలుగా ఏదైనా గొంతులో అడ్డం పడితే పొలమారి దగ్గొస్తుంది. అది మన ఊపిరితిత్తులకు కాపలా. పూర్తి మత్తు ఇస్తే ఆ కాపలా పనిచెయ్యదు. కడుపులో ఉన్న తిండి, యాసిడ్ పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. 1946లో న్యూయార్క్ డాక్టర్ కర్టిస్ మెండెల్సన్, మత్తులో కాన్పయిన ఆడవాళ్లలో ఇట్లాంటి 66 కేసులు బయటపెట్టాడు. వాళ్లలో ఇద్దరు తిండి అడ్డంపడి ఊపిరాడక చనిపోయారు.

మరి ఎన్ని గంటలు? 2, 4, 6, 8 అని గుర్తుపెట్టుకోండి. మామూలు నీళ్లు 2 గంటల ముందు ఆపాలి. పసిపిల్లలకు తల్లిపాలు 4 గంటల ముందు. ఆవుపాలు, పాల టీ, ఇడ్లీలాంటి తేలిక తిండి 6 గంటలు. ఉగ్గాని బజ్జీ, మటన్ లాంటివి 8 గంటలు. మజ్జిగ, రాగి అంబలి నీళ్ల లెక్కలోకి రావు. ఇది మామూలు లెక్క మాత్రమే. షుగర్ ఉన్నా, గర్భిణీ అయినా మారొచ్చు. మీ మత్తు డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్. బీపీ, షుగర్ మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది కూడా ఆయన్నే అడగండి.

ఇప్పుడు బీడీ, సిగరెట్ సంగతి. "అది తిండి కాదు కదన్నా" అంటారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ కూడా దీన్ని కనిపెట్టలేదు, నంబర్ బాగానే చూపిస్తుంది. ఒక్కరోజు మానినా ఈ గ్యాస్ చాలావరకు దిగిపోతుంది. 4 వారాల ముందే మానేస్తే కుట్లు బాగా మానుతాయి, ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయి. "మానలేనప్పా" అనేవాళ్లకు ఒక మాట. రంజాన్ నెలలో మన పక్కింటి అన్న పగలంతా బీడీ ముట్టడు కదా? చేతనవుతుంది.

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైనది. పొరపాటున తిన్నారా, తాగారా? దాచొద్దు. "డబ్బు కట్టేశాం, బండి మాట్లాడుకుని ఇంత దూరం వచ్చాం, వాయిదా వేస్తారేమో" అని భయపడి చాలామంది చెప్పరు. వాయిదా పడితే పోయేది ఒకరోజు కూలి, బండి బాడుగ. దాస్తే ప్రాణం మీదికొస్తుంది. ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో డాక్టర్‌కు సూటిగా చెప్పేయండి.

ఇంట్లో ఆపరేషన్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పేషెంట్ పక్కన కూర్చునే జేజికి, ఈ వీడియో చూపించండి.