కరవునాటి కాలువ

గూడూరు నుండి తూర్పుగా బయలుదేరి, వాకాడు దాటి సముద్రపు దిక్కునకు పోయినచో ఒక పాతకాలువ కనబడును. అది బకింగ్‌హాము కాలువ. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యము నింపుకొని చెన్నపట్టణమునకు పడవలు సాగిన జలమార్గ మది. ఆ రాకపోకలు సన్నగిల్లి చాలకాలమైనది. ఆ గట్టుపై నిలిచినపుడెల్ల మాకొక ప్రశ్న స్ఫురించుచుండును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టిన చేతికి, అతని విశ్వాసమును గూడ అడుగు హక్కు కలదా?

ఈ ప్రశ్నకు మన తీరముననే ఒక సమాధానము దొరకును. కాని ఆ కథకు మొదలు ఇచట లేదు. సముద్రమున కావల, బౌద్ధుల దేశమైన బర్మాలో నున్నది.

1813లో అడోనిరామ్ జడ్సన్ అను అమెరికా మిషనరీ రంగూను చేరెను. అక్కడి ప్రజలు పరోపకార మెరుగనివారు కారు. భిక్షువులకు అన్నమిడుట, బాటసారులకు విడుదులు కట్టించుట వారికి పుణ్యకార్యములు. మన రాయలసీమలో ఎర్రగుడి బండపైనున్న అశోకుని శాసనము సైతము మనుష్యులకును పశువులకును వైద్యమును, బాటల వెంబడి బావులను, చెట్లను పేర్కొనుచున్నది. అట్టి ధర్మము ననుసరించు జనులకు సేవను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన దేమి? జడ్సన్ చేసిన పని గమనింపదగినది. ఆ దేశపు పద్ధతినే అనుసరించి, 1819లో బాటప్రక్క ‘జయత్’ అను నొక చావడి కట్టి, వచ్చిపోవువారితో మాటలాడుచు కూర్చుండెను. ఆ యేటనే మొదటి బర్మీయుడు బాప్తిస్మము పొందెను. ఆరు సంవత్సరములకు ఒక్కడు! బోధింప వచ్చినవాడు తానే ముందుగా నేర్చుకొనవలసి వచ్చినది.

అదే మిషనుకు చెందిన జేమ్సు కోల్మన్, అరకాను బౌద్ధుల నడుమ పనిచేయుచు 1822లో మరణించెను. ఆయన భార్య తరువాత ఒరిస్సాలోని ఆంగ్ల మిషనరీ ఆమోస్ సటన్‌ను వివాహమాడెను. ఈ సంబంధమువలననే సటన్ అమెరికా బాప్టిస్టులకు సన్నిహితుడై, 1835లో ఆ దేశమునకు పోయి తెలుగువారి పక్షమున విన్నవించెను. తత్ఫలితముగా శామ్యూల్ డే 1836లో విశాఖపట్టణమున దిగి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను సంఘము పెరుగలేదు. 1853లో ఈ కేంద్రమును మూసివేయుదమా యని అమెరికాలో తర్కించిరి. ‘ఒంటి నక్షత్ర’ మను పేరు దానికి అప్పుడే వచ్చినది.

మన గూడూరు ప్రాంతమున పనిచేసినవారు వేరు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గు నుండి వచ్చిన లూథరనులు 1865 తరువాత సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు మొదలగు చోట్ల కేంద్రములు నెలకొల్పిరి. మొదటి ప్రపంచయుద్ధానంతరము వారి పని అమెరికాలోని ఓహాయో లూథరనుల చేతికి వచ్చినది.

మన ప్రశ్నకు పరీక్ష వచ్చినది 1876-78 సంవత్సరముల మహాకరవులో. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. అక్కడి మిషనరీ జాన్ క్లౌ, మతబోధకుడు కాకమునుపు అమెరికాలో భూమి కొలుచు ఉద్యోగము చేసినవాడు. ప్రభుత్వము కరవు పనిగా త్రవ్వించుచున్న ఈ కాలువలో మూడున్నర మైళ్ళ భాగమును ఆయన కంట్రాక్టుకు తీసికొనెను. ఆయన తెలుగు బోధకులే మేస్త్రీలైరి. ధర్మకూటికి చేయిచాపుటకు మారుగా జనులు మట్టి త్రవ్వి కూలి పుచ్చుకొనిరి. ఆ ధనము మిషనుది కాదు, ప్రభుత్వముది. కాని ఆ పని ఇప్పించి, కూలి చేతికందునట్లు చూచినవారిని జనులు మరువలేదు.

వేలకొలది జనులు మతములో చేర్చుకొమ్మని కోరిరి. క్లౌ చేర్చుకొనలేదు. అన్నముకొరకు వచ్చినవారెవరో, విశ్వాసముతో వచ్చినవారెవరో తెలియని కాలమున బాప్తిస్మ మీయరాదని, ఇంచుమించు పదిహేను నెలలు నిలిపివేసెను. సంఖ్యలకొరకు ఎదురుచూచుచున్న మిషనుకు ఇది చిన్న త్యాగము కాదు. సహాయకార్యములు ముగిసిన పిమ్మటనే తలుపు తెరచెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి వద్ద, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఇది కూటికొరకు వచ్చిన గుంపని ఆక్షేపించినవారు కలరు. ఆ మాటను మేము తేలికగా త్రోసివేయము. ప్రాణము నిలిపినవానియందు కృతజ్ఞత యుండును. కృతజ్ఞతకును విశ్వాసమునకును నడుమ గీత గీయుట ఎవరి తరము? అయితే కరవుకు పదేండ్ల ముందే, 1866లో, ఎఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద బాప్తిస్మము పొంది, తనవారి నడుమ ఊరూర తిరిగి బోధించెను. తోళ్ళ వ్యాపారము చేసినవాడు. అంతకుముందు యోగమార్గమున సత్యమును వెదకినవాడు. ఊరికి వెలుపల నుంచబడినవారికి అన్నముతోపాటు మర్యాదయు కావలసియుండెను. ఆ రెండవ ఆకలిని గుర్తింపని విమర్శ సగము విమర్శయే.

బర్మాలోని చావడియు, ఒంగోలు వద్ద కాలువయు మాకు నేర్పుచున్న దొక్కటే. సేవ చేయువాడు తన విశ్వాసమును దాచనక్కరలేదు. కాని ఎదుటివాడు కాదనుటకు వీలున్నపుడే ఆ సేవకు విలువ. ఆకలిలోనున్నవాడు కాదనలేడు, కావున వాని నడుగరాదు. ఇది క్రైస్తవులకు మాత్రమే చెప్పిన మాట కాదు. నేడు తుపానునాడు అన్నపు పొట్లము పంచు సంఘమునకు, వోటుకై వచ్చు నాయకునకు గూడ వర్తించును.

2004 డిసెంబరు 26న సునామీ మన తీరమును తాకినపుడు, బకింగ్‌హాము కాలువ అలల నీటిని తనలో ఇముడ్చుకొని, ఆవలి పల్లెలకు ముప్పు తగ్గించినదని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. కరవులో కూలికొరకు త్రవ్వినవారికి ఆ సంగతి తెలియదు. ఆ నీట బ్రతికిపోయినవారిని, మీరే మతమువారని అడిగినవారును లేరు.