టీకా ఫలమును లెక్కించుట యెట్లు?



టీకా పొందిన బిడ్డకును రోగము వచ్చినచో, "ఇక ఆ టీకా యెందులకు?" అని తల్లి యడుగుట సహజము. రామగుండము, గోదావరిఖని గనుల వాడలలోనైనను, మరియే పల్లెలోనైనను ఆ ప్రశ్న యొక్కటియే. అడిగిన తల్లిని గద్దించుట తగదు. లెక్క చూపి సమాధానము చెప్పుట ధర్మము.

పసిబిడ్డల ప్రాణములు హరించు అతిసారమునకు రోటా వైరసు ముఖ్యకారణములలో నొకటి. దీనిని 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందము కనుగొనెను. దీనికి ప్రతిగా హైదరాబాదు నందలి భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ అను చుక్కలమందును తయారుచేసెను. ఢిల్లీ, పూణే, వెల్లూరు కేంద్రములలో 6,799 మంది శిశువులతో జరిపిన పరీక్షయందు, తీవ్రమైన రోటా అతిసారము నూటికి సుమారు 54 వంతులు తగ్గినట్లు 2014లో ప్రకటింపబడెను. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రములలో రోటా టీకా జాతీయ కార్యక్రమమున చేరెను. 2019లో తక్కిన రాష్ట్రములకును విస్తరించెను. ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సున దీనిని నోటిలో వేయుదురు.

అయితే పరీక్షలో కనిపించిన గుణము పల్లెలోను కనిపించునా? పరీక్షయందు ప్రతి మోతాదును వేళకు పడును. మందు చల్లదనము చెడదు. లోకమున అట్లు కాదు. పని వెదకుచు ఊరు మారిన కుటుంబమున రెండవ మోతాదు తప్పవచ్చును. కావున మరల లెక్కింపవలెను.

ఆ లెక్క యిట్లు జరుగును. అతిసారముతో ఆసుపత్రిలో చేరిన శిశువుల మలమును పరీక్షించి, రోటా యున్నవారిని ఒక పద్దునను, లేనివారిని వేరొక పద్దునను వ్రాయుదురు. పిమ్మట ఏ పద్దున టీకా పొందినవారు ఎంతమందియో చూతురు. రోటా పద్దున వారి పాలు తక్కువైనచో టీకా మేలు చేసినట్లే. ఇరువురును ఆ ఆసుపత్రికే వచ్చినవారగుటచే, వైద్యము కోరు అలవాటులోని భేదము లెక్కను అంతగా చెరుపదు. తొమ్మిది రాష్ట్రములలోని 31 ఆసుపత్రులలో ఇట్లు చూడగా, రోటావాక్ ఫలము నూటికి సుమారు 54 అని తేలెను. పరీక్షలోని మాట పల్లెలోను నిలిచినది.

ఇక తల్లి ప్రశ్నకు వత్తము. ఊహకొరకు వేయిమంది శిశువులను తీసికొందము. టీకా పొందినవారు 900, పొందనివారు 100. పొందనివారిలో నూటికి 20 మందికి రోగము వచ్చుననుకొందము. టీకా దానిని సగము చేయుననుకొందము. అప్పుడు రోగులు టీకా పొందినవారిలో 90 మంది, పొందనివారిలో 20 మంది. "టీకా పొందినవారే ఎక్కువ!" అని తొందరపడువాడు మొత్తమును చూచెను గాని, ఎందరిలో అని అడుగలేదు. నూటికి పది యెక్కడ, ఇరువది యెక్కడ? శేషమును చూచి జమను మరచిన లెక్క లెక్కయే కాదు.

లెక్క అప్రియమైనను దాచరాదు. 1948లో మదనపల్లెలో బి.సి.జి. టీకా మన దేశమున ప్రారంభమయ్యెను. 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలకు పైబడిన జనులతో మొదలైన మహాపరీక్షలో, పెద్దల ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలెను. ఆ ఫలితమును దాచక ప్రకటించిరి. అయినను పసివారి మెదడుపొరల క్షయనుండి అది కాపాడునని ఇతర పరిశీలనలు తెలిపినందున, శిశువులకు వేయుట మానలేదు. నీరక్షీర వివేకమనగా నిదియే.

ఈ లెక్కలన్నిటికిని మూలపత్రము తల్లి చేతనున్న టీకా కార్డు. అది పోయినచో ఆ బిడ్డ ఏ పద్దునకును చెందదు. భూమి పట్టాను పెట్టెలో దాచుకొను గృహస్థుడు, ఆ కార్డును దానితోడనే దాచవలెను. ఊరు మారినపుడు వెంట తీసికొని పోవలెను. తప్పిన మోతాదు దానివలననే తెలియును. అదియే బిడ్డకు రక్ష.