నడక తిరిగి నేర్చిన కథ



ముప్పదియేండ్లు బాలురకు సంధులు, సమాసములు చెప్పిన నేను, అరువదియాఱవ యేట నడక నేర్చుకొనవలసి వచ్చినది. ఒకనాటి వేకువను మంచము దిగగానే ఇల్లంతయు కుమ్మరిసారెవలె గిర్రున తిరిగినది. వాంతులైనవి. ఇరుగుపొరుగువారు పైత్యమనిరి. మంచిర్యాలలోని వైద్యుడు పరీక్షించి, "పంతులుగారూ, మీ ఎడమచెవిలోని తూకము చెడినది" అనెను.

చెవి వినుటకే యని మనమనుకొందుము. లోపలిచెవిలో అర్ధవృత్తములవంటి సన్నని గొట్టములు మూడు కలవు. వానిలో ద్రవము నిండియుండును. తల త్రిప్పగానే ఆ ద్రవము వెనుకబడి, లోని వెండ్రుకలవంటి పోగులను వంచును. ఎటు తిరిగితిమో మెదడునకు వార్త పోవును. రెండు చెవుల వార్తలును కావడికుండలవలె సరితూగవలెను. ఒక కుండ పగిలినచో మోయువాడు ఒరుగును గదా!

కొన్ని దినములకు ఉద్ధృతి తగ్గినది. తప్పు అటుపిమ్మట నేనే చేసితిని. కదలినచో తిరుగునను భయముచే మెడ బిగించుకొని మంచము పట్టితిని. నెల గడచినను గోడ పట్టక అడుగు వేయలేకపోతిని. చీకటిలో మఱింత దుర్భరము. చెడిన చెవికి బదులు కన్నులును అరికాళ్లును తోడ్పడును. దీపమాఱినచో కన్నుల సాయమును పోవును. గోదావరి రేవు మాట యటుండనిండు, పెరటిలోనికి పోవుటకే మనుమని చేయి కావలసెను.

వైద్యుడు మందలించెను: "కదలనివాని మెదడునకు తన లెక్క తప్పని యెట్లు తెలియును? తెలియనిదే దిద్దుకొనదు." 1940ల నాడే ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అను వైద్యులు ఇట్టి రోగులచేత తలయు, కన్నులును, దేహమును కదలించు అభ్యాసములు చేయించిరట.

గోడపై బొగ్గుతో "శ్రీ" అని వ్రాసితిని. మా ప్రాంతమున బొగ్గునకు కఱవా! దానిపై చూపు నిలిపి, తలను కుడియెడమలకు, పిదప క్రిందుమీదులకు, నిమిషమేసి త్రిప్పవలెను. తొలుత అక్షరము నీటిలోని చేపవలె ఈదినది. పిమ్మట గది మూలలో పాదములు చేర్చి కన్నులు మూసి నిలుచుట; తరువాత మడమ ముందు వ్రేళ్లు చేర్చి నడచుట. ప్రక్కన మనుమడు నిలిచి, "తాతయ్యా, తప్పు, మరల చేయుము" అనువాడు. శిష్యులపై నేను చూపిన కాఠిన్యమంతయు వాడు తీర్చుకొనెను. చేసినప్పుడెల్ల కొంత తిరుగును. కొన్ని నిమిషములలో కుదుటపడినచో భయములేదు.

అయితే తల తిరుగుటతోపాటు మాట తడబడినను, చేయి కాలు పట్టుతప్పినను, వస్తువులు రెండుగా కనబడినను, అది మెదడు రోగము కావచ్చును. ఆ గడియనే ఆసుపత్రికి పోవలెను.

మూడవ నెలలో ఒంటరిగా రేవునకు పోయి, మెట్లు దిగి, కాళ్లు తడుపుకొని వచ్చితిని. చెడిన చెవి బాగుపడలేదు. మెదడు మిగిలిన దానితో లెక్క సరిచూచుకొన్నది. ఇప్పటికిని రాత్రివేళ టార్చిలైటు లేనిదే గడప దాటను.