బాంబు పేలాక తెలిసిన చెచెన్యా

తెలంగాణ మీటింగు పెట్టుకుని చెచెన్యా ముచ్చట ఎందుకని ఇందాక ఒక అన్న అడిగారు. ఎందుకో చెబుతా.

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు. నాలుగు రోజులకు, అనుమానితులు చెచెన్ మూలాలున్న అన్నదమ్ములని తేలింది. చెచెన్యా అంటే చెక్ రిపబ్లిక్కే అనుకుని ఎంతమంది తిట్టారో, చివరికి అమెరికాలోని చెక్ రాయబారి 'ఆ దేశం వేరు, మేం వేరు' అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ వారమే ఒక తెలుగు ఈమెయిల్ గ్రూపులో ఒకాయన 'వేర్పాటువాదం చివరికి ఇక్కడికే చేరుతుంది, తెలంగాణ వాళ్లూ చూసుకోండి' అని రాశాడు. మనవాడొకడు ఆవేశపడి 'అవును, మాదీ చెచెన్ల గోసే' అని జవాబిచ్చాడు. ఇద్దరిలో ఎవరికైనా చెచెన్యా గురించి ఏమైనా తెలుసా అని నాకు అనుమానం వచ్చింది. లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు తెచ్చుకున్నా. నలభై దాటాక చరిత్ర చదవడంలో ఒక సుఖముంది, పరీక్ష ఉండదు.

మనలో చాలామంది విశాలాంధ్రలో చవగ్గా దొరికే మాస్కో తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగినవాళ్లం. రష్యా పల్లెలు, మంచు, సమోవార్ మనకు సొంత ఊరంత పరిచయం. నేను చదివిన వాటిలో మాత్రం 1944 ఎక్కడా లేదు.

1944 ఫిబ్రవరి 23. ఆ రోజు ఎర్రసైన్యం పండుగ. ఉత్సవమని చెప్పి చెచెన్, ఇంగుష్ ఊళ్లలో మగవాళ్లను ఒకచోటికి పిలిచారు. చుట్టూ సైన్యం. జర్మన్లకు తోడ్పడ్డారన్న నేరం మోపి, వారం రోజుల్లో సుమారు 5 లక్షల మందిని పశువుల్లాగా రైలు పెట్టెల్లో కుక్కి కజకిస్తాన్‌కూ కిర్గిజ్‌స్తాన్‌కూ తోలారు. ముసలివాళ్లు, పసిపిల్లలు, ఎవరినీ వదల్లేదు. అప్పటికి యుద్ధంలో ఎర్రసైన్యం తరఫున పోరాడుతున్న చెచెన్లనూ తర్వాత వెనక్కి పిలిచి అక్కడికే పంపారు. దారిలోనూ, ప్రవాసంలో ఆకలికీ చలికీ టైఫస్‌కూ లక్షకు పైగా చనిపోయారని అంచనా. ఆ ఊళ్ల నుంచి రైల్వే స్టేషన్లకు జనాన్ని చేరవేసిన లారీల్లో చాలా వరకు స్టూడ్‌బేకర్లు. ఇండియానాలోని సౌత్ బెండ్ కంపెనీవి, హిట్లర్ మీద యుద్ధానికని అమెరికా ఇచ్చినవి. ఇక్కడ కూర్చున్న ఇండియానా మిత్రులు ఆ పాత ఫ్యాక్టరీ పక్కనుంచి ఎన్నిసార్లు పోయారో.

తిరిగి సొంతగడ్డకు రావడానికి వాళ్లకు 1957 దాకా అనుమతి దొరకలేదు. తర్వాతి నాయకుడు దుదాయెవ్ పుట్టిన కొద్ది రోజులకే ప్రవాసం పోయిన బిడ్డ. మస్ఖదోవ్ పుట్టిందే కజకిస్తాన్‌లో. బోస్టన్ అన్నదమ్ముల తండ్రి తరఫువాళ్లు కూడా కిర్గిజ్‌స్తాన్‌కు తోలబడ్డవాళ్లే. ఇది బాంబుకు సాకు కాదు. 2004లో బెస్లాన్ బడిలో 330 మందికి పైగా చనిపోయారు, సగానికి పైగా పిల్లలు. ఆ పని చేయించిన బసాయెవ్‌కు 1944 చూపించి ఎవరూ మాఫీ ఇవ్వలేరు.

ఇక అసలు తేడా. సోవియట్ రాజ్యాంగం విడిపోయే హక్కును 15 రిపబ్లిక్‌లకే రాసిచ్చింది. చెచెన్యా రష్యా లోపలి స్వయంప్రతిపత్తి ప్రాంతం, దానికి ఆ హక్కు లేదు. 1991లో ఎస్టోనియా దేశమైంది, అదే ఏడాది స్వాతంత్ర్యం ప్రకటించుకున్న చెచెన్యాపైకి 1994 డిసెంబర్లో ట్యాంకులు వచ్చాయి. అదే 1994 ఫిబ్రవరిలో తాతార్‌స్తాన్ మాస్కోతో ఒప్పందం చేసుకుని యుద్ధం లేకుండా బయటపడింది. కాగితం మీద ఏ గడిలో పెట్టారన్నదానికి, ఎదుటివాళ్లు మాట్లాడేందుకు సిద్ధపడ్డారా లేదా అన్నదానికి ఎన్ని ప్రాణాల తేడా ఉందో చూడండి.

మనది దేశం అడిగిన ఉద్యమం కాదు. రాష్ట్రం అడిగాం. దానికి మూడో అధికరణం ఉంది. పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. అదే దారిలో 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 2000లో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్ వచ్చాయి. వాటిని ఎవరూ వేర్పాటు అనలేదు. కాబట్టి ఈమెయిల్ గ్రూపులో ఆయనకు ఇవ్వాల్సిన జవాబు 'మాదీ చెచెన్ల గోసే' అన్నది కాదు. 1953 తేదీ చెబితే సరిపోయేది. 2009 డిసెంబర్ 9 ప్రకటన వచ్చి మూడేళ్లు దాటాక, 2013లోనూ మనం ధర్నాలూ పాటలతోనే ఉన్నామంటే, తలుపు ఉందన్న నమ్మకంతోనే. తలుపు ఉండి కూడా తెరవకుండా అప్పుడు సాగదీసినవాళ్లు మాత్రం గ్రోజ్నీ చరిత్ర చదవాల్సింది. ఆ సలహా మనకంటే వాళ్లకే ఎక్కువ అవసరమైంది.

ఇంకొక్క ముచ్చట చెప్పి ఆపేస్తా. ఫిబ్రవరి 23 రష్యాలో ఇప్పటికీ సైనికుల పండుగే. మనకు నవంబర్ 1 ఎట్లాంటి రోజో మీకు తెలుసు, ఒకరికి అవతరణ, ఇంకొకరికి విద్రోహం. చెచెన్లు ఫిబ్రవరి 23ను సంతాప దినంగా పాటించేవాళ్లు. 2011లో కదిరోవ్ ఆ సంతాపాన్ని మే 10కి మార్చాడు. అది ఆయన తండ్రిని పాతిపెట్టిన రోజు. మార్చింది మాస్కో కాదు, వాళ్ల సొంత ప్రభుత్వమే. ముసలివాళ్లకు ఏ రోజు యాదికుంటుందో మరి.