గడపలో సేవ, జగతికి ఆరోగ్యము



పల్లెలో చేసిన సేవ పల్లె పొలిమేరతోనే ఆగునని పలువురు తలంతురు. పోలియో వ్యాధిపై సాగిన పోరాటము ఆ తలంపును సరిదిద్దుచున్నది.

1905లో షికాగో నగరమున పాల్ హారిస్ స్థాపించిన రోటరీ సంఘము మొదట కొలదిమంది మిత్రుల కూటమి. కాలక్రమమున అది దేశదేశములకు వ్యాపించెను. ఆ సంఘమువారు 1979లో ఫిలిప్పీన్సు బిడ్డలకు పోలియో చుక్కలు వేయించుటకు పూనుకొనిరి. 1985లో ఆ వ్యాధిని లోకమునుండియే తొలగింప సంకల్పించిరి. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ప్రభుత్వములును ఆ కార్యమున చేతులు కలిపినవి. అప్పటికి ఏటేట సుమారు 3,50,000 మందికి ఆ వ్యాధివలన అవయవములు చచ్చుబడుచుండెను.

ధనమొక్కటే ఈ పని చేయజాలదు. భారతదేశమున 1995లో పల్స్ పోలియో ఆరంభమైనది మొదలు, సేవకులు ఇంటింటికి నడచిరి. జంకిన తల్లులకు నచ్చజెప్పిరి. రెండు చుక్కలు వేసి, బిడ్డ చిటికెనవ్రేలికి సిరాగుర్తు పెట్టిరి. సహజమైన పోలియో క్రిమి ఈ దేశమున కడపటిసారి ఒక బిడ్డను బాధించినది 2011 జనవరిలో, హౌరా జిల్లాయందు. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడెను.

అయినను పని ముగియలేదు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ దేశములలో ఆ క్రిమి ఇంకను నిలిచియున్నది. చుక్కలు పడని బిడ్డలున్నచోట అది మరల తలయెత్తగలదు. దానికి ఎల్లలు లేవు.

కావున తన వీథిలో ఏ బిడ్డయు మిగిలిపోకుండ చూచువాడు లోకమునకే కావలి కాయుచున్నాడు. గ్రంథాలయమున చదివిన ఈ సంగతిని చదువురాని ఇంటికి చేర్చుటయు అట్టి సేవయే.