ప్రాఁతగ్రంథముల డిజిటల్ ప్రచురణము
(వార్షికమహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు 1854 సంవత్సరమునఁ జెన్నపట్టణమున స్థాపించిన ముద్రణాలయపు గ్రంథములు మీలో ననేకుల యిండ్లలోని పెట్టెలయం దింకను నుండవచ్చును. అట్టి ప్రాఁతపుస్తకములలోఁ బెక్కింటి కాగితము వన్నె మాఱి, వ్రేలు మోపినంతనే పొడియగుచున్నది. కొయ్యగుజ్జుతోఁ జేసిన కాగితమునందలి యామ్లమే దానిని లోలోపలఁ దినివేయును. చెదలు దానికిఁ దోడు. ఇట్టి తఱిఁ బ్రచురణకర్తలు ప్రాఁతగ్రంథములను డిజిటల్ రూపమున వెలువరించుచుండుట మిక్కిలి సంతోషింపఁదగిన విషయము.

అయితే యీ పని రెండు తెఱఁగుల జరుగుచున్నది. పుటను ఉన్నదున్నట్లు ఛాయాచిత్రముగాఁ దీయుట యొకటి. భారతీయ డిజిటల్ గ్రంథాలయమువా రిట్లు తీసిన వేలకొలఁది తెలుఁగుపుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవునందుఁ జదువ లభించుచున్నవి. కొన్నిట పుటలు వంకరపోయినవి, కొన్నిట లేనేలేవు; ఐనను అక్షరము మాఱలేదు. రెండవది గ్రంథమును మరల టైపుచేసి ఫోనునందుఁ జదువఁదగినట్లు వెలువరించుట. మాట వెదకుటకును, అక్షరమును పెద్దదిగాఁ జేసికొనుటకును, నావంటి చత్వారపుఁ గన్నులవారి కిదియే మేలు. చిక్కును నిందే యున్నది.

ఒక సంస్థవారి ప్రతిని నేను వెలయిచ్చి కొంటిని. అందు అరసున్న లన్నియు మాయమైనవి. బండి ఱ సాధురేఫమైనది. ఇది యేమంత నష్టమని మీ రడుగవచ్చును. కాఁచుట యన వేఁడిచేయుట. కాచుట యన రక్షించుట. పాలు కాఁచిన తల్లి యీ ప్రతిలోఁ బాలకుఁ గావలి కూర్చున్నది! నాఁడు దినము, నాడు దేశము. అరుగుట పోవుట, అఱుగుట జీర్ణమగుట. నేఁటి బాలుర కరసున్న నేర్పవలయునని నేను పట్టుపట్టను. వ్యవహారమున నది పోయినది, పోనిండు. కాని గతించిన గ్రంథకర్త వ్రాఁతను మార్చు నధికార మెవ్వరిది? యంత్రమునం దా యక్షరములు లేవను సాకు చెల్లదు. యూనికోడునందు అరసున్నకును బండి ఱకును స్థానము గలదు. దంత్య చ-జలకుఁ గూడ 2008 సంవత్సరమున స్థానము కల్పింపఁబడినది.

కావున టైపుప్రతితోఁ బాటు మూలపుటల ఛాయాచిత్రములను గూడ నిండని ప్రచురణకర్తలను మనము కోరవలయును. ఏ సంవత్సరపు ముద్రణమో తెలుపవలయును. మార్చినచో మార్చితిమని చెప్పవలయును.

ఇఁక మనవంతు. 1957 నాఁటి కాపీరైటు చట్టము ననుసరించి గ్రంథకర్త గతించిన పిదప నఱువది సంవత్సరములు హక్కు వారసులది. 1960లో గతించినవారి రచనలు 2021 మొద లెల్లరవి. ఇటీవలివారి గ్రంథములకు వారసుల యనుమతి కావలయును. ఆ వారసులు కొంద ఱీ సభయందే యుండవచ్చును. తాతగారి పుస్తకమునకు సంతకము పెట్టుటకు వెనుదీయకుఁడు. దాతలు పుస్తకమునకుఁ బేరు వేయించుకొన్నఁ జాలదు. తప్పులు దిద్దు పండితునకుఁ దగిన ప్రతిఫలమునుగూడ నొసఁగవలయును. ఆ పనికి వెచ్చించుట కెవ్వరును ముందునకు రారు.

మన సంఘపుఁ బ్రాఁత వార్షికసంచికలు కలవారు కార్యదర్శిగారికిఁ దెలుపఁ గోరెదను. కుట్లు విప్పక, పైనుండియే ఛాయాచిత్రములు దీసి, సంచికలను భద్రముగా మరల నిత్తుము.