ప్రశ్న పట్టుకుని సముద్రశాస్త్రంలోకి

 

పట్టాలు అందుకున్న మీలో భౌతికశాస్త్రం, గణితం, రసాయనశాస్త్రం, ఇంజినీరింగు చదివినవారు పైచదువుల గురించి ఆలోచించేటప్పుడు సముద్రశాస్త్రాన్ని తొందరగా పక్కన పెట్టేస్తారు. అది చేపల గురించి, పగడాల గురించి చదివినవాళ్లదనీ, తీరంలో పుట్టినవాళ్లదనీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఇక దరఖాస్తు పెట్టేవారేమో చిన్నప్పటి నుంచి సముద్రమంటే ప్రాణమని మొదలుపెడతారు. ఈ రెండూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయని నా వాదన. ఈ పరిశోధనకు మమకారం కంటే ముందు కావలసింది, మీరు నేర్చిన శాస్త్రంతో తేల్చగలిగిన ఒక ప్రశ్న. దరఖాస్తును దాని చుట్టూ అల్లాలి.

ఈ శాస్త్రం చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1893 నుంచి 1895 వరకు ఫ్రామ్ ఓడలో ఆర్కిటిక్ మంచు మధ్య గడిపిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ జంతుశాస్త్రం చదివినవాడు. మంచు గాలి దిశలో కాకుండా దానికి కాస్త కుడివైపుగా కొట్టుకుపోవడం ఆయన గమనించాడు. భూభ్రమణమే కారణమని ఊహించాడు కూడా. దాన్ని లెక్కకట్టి చూపింది ఎక్‌మన్ అనే స్వీడన్ విద్యార్థి. ఆ పనికి ఆయన ఓడెక్కనక్కర్లేకపోయింది. ద్రవాల చలన సమీకరణాలు సరిపోయాయి. 1948లో హెన్రీ స్టామెల్ కొద్ది పేజీల వ్యాసంలో, గల్ఫ్ స్ట్రీమ్ లాంటి బలమైన ప్రవాహాలు మహాసముద్రాల పడమటి అంచునే ఎందుకు సాగుతాయో వివరించాడు. ఖగోళశాస్త్రం వైపు నుంచి వచ్చిన ఆయన పీహెచ్‌డీ కూడా చేయలేదు. నేటి రోజుల్లో ఆ దారిన వెళ్లమని చెప్పను గానీ, ప్రశ్నకున్న బలం ఎంతటిదో అక్కడ కనిపిస్తుంది.

మన ఎదుటి బంగాళాఖాతాన్నే చూడండి. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, వాననీరు కలిసి ఉప్పునీటి మీద తేలికపాటి పొరగా పరుచుకుంటాయి. ఆ పొర ఉన్నంతసేపు గాలి ఎంత చిలికినా కింది చల్లనీరు సులువుగా పైకి రాదు. పైనీరు వేడిగానే ఉండి తుపానుకు బలమిస్తుంది. తుపాను ఏ దారిన వస్తుందో చెప్పడంలో ఎంతో ముందుకు వచ్చాం. ఎంత త్వరగా బలపడుతుందో చెప్పడం ఇంకా కష్టంగానే ఉంది. ఆ మంచినీటి పొర ఎక్కడ, ఎంత వేగంగా కింది నీటితో కలుస్తుందన్నది ఇందులో ఒక చిక్కుముడి. కలయిక జరిగేది సెంటీమీటర్ల సుడుల్లో, కంప్యూటర్ నమూనాలు లెక్కించేది కిలోమీటర్ల గళ్లలో. ఈ ఎడాన్ని పూడ్చడం ద్రవగతిశాస్త్రం, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ల పని. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు దాదాపు పదివేల మంది బలయ్యారు. 2013లో ఫైలిన్ తుపాను ఒడిశాను తాకేముందే లక్షలాదిమందిని తరలించడంతో మరణాలు పదుల్లో ఆగాయి. ముందుగా తెలియడానికి ఉన్న విలువేమిటో చెప్పడానికి ఈ రెండు తుపానులు చాలు.

సముద్రం గురించి ఒక్క పాఠమూ చదవని మమ్మల్ని ఎవరు తీసుకుంటారని మీరు అడగవచ్చు. మీ సత్తా చూపడానికి కావలసిన దత్తాంశం మీకు అందుబాటులోనే ఉంది. ప్రపంచ సముద్రాల్లో ఆర్గో ఫ్లోట్లనే తేలియాడే పరికరాలు నాలుగు వేల దాకా తిరుగుతున్నాయి. అవి సుమారు పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి ఉపగ్రహాలకు పంపుతాయి. ఆ దత్తాంశం ఎవరికైనా ఉచితం. మన దేశంలో దాన్ని చూసుకునే ఇన్‌కాయిస్ సంస్థ తీరానికి వందల కిలోమీటర్ల దూరాన, హైదరాబాద్‌లో ఉంది. తీరవాసులకే ఈ చదువన్న మాట అక్కడే వీగిపోతుంది. నైరుతి రుతుపవనాలకు ముందూ తర్వాతా బంగాళాఖాతం లవణీయత ఎలా మారిందో గ్రాఫు గీసి, అందులో మీకు అంతుపట్టనిదేమిటో రెండు పేరాల్లో రాయండి. ఏ ప్రొఫెసరుకైనా మీ మార్కుల జాబితా చెప్పలేనిది ఆ రెండు పేరాలు చెబుతాయి.

ఉద్యోగాల మాట దీనికంటే బరువైన అభ్యంతరం. శాశ్వత శాస్త్రవేత్తల పోస్టులు తక్కువే. ఆ నిజం దాచి మిమ్మల్ని పిలవడం అన్యాయం. అయితే అప్పుచేసి ఎమ్మెస్‌కు పంపే ఇళ్లు ఒక తేడా గమనించాలి. మన దేశంలో పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అమెరికాలో సైన్స్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు రద్దుచేసి స్టైపెండు ఇస్తారు. పైగా ఈ పరిశోధనలో నేర్చే సంఖ్యాత్మక నమూనాలు, దత్తాంశ విశ్లేషణ వాతావరణ అంచనాలకు, రేవులకు, బీమాకు, సముద్ర పవన విద్యుత్తుకు అక్కరకొచ్చేవే. పరిశోధనలో పోస్టు దొరకనంత మాత్రాన పీహెచ్‌డీకి వెచ్చించిన అయిదారేళ్లు వృథా కావు.

మీ ప్రశ్నకు దగ్గరగా పనిచేస్తున్న ఒకరి పేపర్లు రెండైనా చదవండి. వాటిలో తేలకుండా మిగిలినదేమిటో అడుగుతూ వారికి ఉత్తరం రాయండి. ముందు ఆ గ్రాఫు గీయండి, దరఖాస్తు ఆ తర్వాత నింపండి.